హీరో కటౌట్, ర్యాంకర్ ఫ్లెక్సీ, మధ్యలో మన పిల్లలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరుల్లో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లల తల్లిదండ్రులు, లెక్చరర్లు, అప్పుడప్పుడూ ఆ పిల్లలే అడిగే ప్రశ్నలివి. ఒక మనిషికి పేరు రావడం వెనక పని ఉంటుంది, డబ్బు ఉంటుంది, అదృష్టం ఉంటుంది. ఇవేవీ కనపడక ముఖం ఒక్కటే కనపడినప్పుడు పిల్లలు తమని తాము తప్పుగా కొలుచుకుంటారు. కింది జవాబులన్నీ ఆ చుట్టూనే తిరుగుతాయి.

మా వాడికి హీరో పిచ్చి. ఇది వయసుతో పోయేదేనా, ముదిరిందా? ఎలా తెలుస్తుంది?

పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల మధ్య ఇంటి బయట ఒక మనిషిని ఎంచుకుని ఆరాధించడం ఎదుగుదలలో భాగమే. మనస్తత్వ పరిశోధకులు 2002లో ఈ అభిమానాన్ని మూడు మెట్లుగా విడదీశారు. మొదటి మెట్టు కాలక్షేపం: స్నేహితులతో కలిసి మాట్లాడుకోవడం, సినిమాకి వెళ్లడం. రెండోది సొంతం చేసుకోవడం: ‘ఆయనకేమన్నా అయితే నాకైనట్టే’ అన్న భావన. మూడోది హద్దు దాటడం: ఆయన కోసం తప్పు పని చెయ్యడానికైనా సిద్ధపడటం. ఎక్కువమంది పిల్లలు మొదటి మెట్టు మీదే ఉంటారు, అక్కడి నుంచే దిగిపోతారు.

ఇంట్లో గమనించాల్సినవి నాలుగు: నిద్ర, డబ్బు, స్నేహాలు, కోపం. రాత్రి ఒంటిగంటన్నర దాకా ఎడిట్స్ (హీరో క్లిప్పులు, పాటలు కలిపి అభిమానులు చేసే చిన్న వీడియోలు) చూస్తూ పొద్దున్న క్లాసులో తూగుతున్నాడా? మెస్ డబ్బులు బెనిఫిట్ షో టికెట్లకి పోతున్నాయా? వేరే హీరోని ఇష్టపడతాడని పాత స్నేహితుడితో మాటలు మానేశాడా? సినిమా బాగాలేదని చెల్లెలు అంటే అన్నం ప్లేటు వదిలేసి లేచిపోయాడా? ఒకటి ఉంటే వయసు ప్రభావమే అనుకోండి. రెండు మూడు కలిసి నెల రోజులకి పైగా సాగితే కూర్చోబెట్టి మాట్లాడాలి. గది నిండా పోస్టర్లున్నా నిద్ర, చదువు, స్నేహాలు సరిగ్గా ఉంటే పోస్టర్ల జోలికి వెళ్లకండి.

ఇందులోకి ర్యాంకర్ల ఫ్లెక్సీలు ఎందుకు తెచ్చారు? అవి మంచివే కదా?

మన ఊళ్లలో సెలబ్రిటీ అంటే సినిమావాళ్లు మాత్రమే కాదు. ఫలితాలొచ్చిన మర్నాడు బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు పొడవునా, గుంటూరులో అరండల్‌పేట, బ్రాడీపేటల్లో ఎవరి ముఖాలు కనపడతాయో చూడండి. పదిహేడేళ్ల పిల్లల పాస్‌పోర్టు ఫొటోలు, పక్కన అంకెలు. హీరో కటౌట్ చూసిన కుర్రాడు ‘నేను వేరే, ఆయన వేరే’ అనుకుని సరిపెట్టుకోగలడు. ర్యాంకర్ బొమ్మ దగ్గర ఆ వీలు లేదు. అదే వయసు, అదే యూనిఫాం, అదే మెస్ సాంబారు. ‘వాడికొచ్చింది, నాకెందుకు రాలేదు?’ అన్న ప్రశ్నకి తప్పించుకునే దారి ఉండదు.

మనుషులు తమకి దగ్గరగా ఉన్నవాళ్లతోనే ఎక్కువగా పోల్చుకుంటారని అమెరికన్ మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింజర్ 1954లోనే ప్రతిపాదించాడు. ఆ లెక్కన ర్యాంకర్ ఫ్లెక్సీ హీరో కటౌట్ కన్నా లోతుగా దిగుతుంది. దీనికి తోడు వీకెండ్ టెస్ట్ మార్కులు గోడకి అంటించి, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చే పద్ధతి ఉంటే, పిల్లవాడి విలువ వారానికోసారి కొత్తగా నిర్ణయమవుతూ ఉంటుంది. ఇంట్లో అమెరికా అన్నయ్య జీతం ప్రస్తావన వస్తే ఇక చెప్పేదేముంది.

ర్యాంకు ప్రకటనని పిల్లలతో కలిసి ఎలా చదవాలి?

ఒక పేపరు ప్రకటన ముందేసుకుని నాలుగు ప్రశ్నలు అడగండి.

మొదటిది, మొత్తం ఎంతమంది రాస్తే ఇంతమందికి వచ్చాయి? పైన అంకె ఉంటుంది, కింద ఉండాల్సిన అంకె ఉండదు. 2024లో ఐఐటీ ప్రవేశానికి మొదటి మెట్టైన జేఈఈ మెయిన్ రాసినవాళ్లు 14 లక్షల పైచిలుకు. ఆ ఏడాది ఐఐటీలన్నిట్లో కలిపి సీట్లు 17,740. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపిస్తే, ర్యాంకు రాకపోవడం అంటే చేతకాకపోవడం కాదని పిల్లలకి విడిగా చెప్పక్కర్లేదు.

రెండోది, అది ర్యాంకా, పర్సంటైలా? కేటగిరీ ర్యాంకా, ఓపెనా? పర్సంటైల్ అంటే రాసినవాళ్లలో ఎంత శాతం మందిని దాటాడన్న లెక్క. 99 పర్సంటైల్ అంటే వినడానికి శిఖరంలా ఉంటుంది. 14 లక్షల మందిలో ఒక శాతం అంటే పద్నాలుగు వేల మంది. ఆ పద్నాలుగు వేలల్లో మొదటివాడూ ఉంటాడు, చివరివాడూ ఉంటాడు.

మూడోది, ఆ విద్యార్థి అక్కడ ఏ కోర్సు చేశాడు? రెండేళ్లు చదివాడా, టెస్ట్ సిరీస్ మాత్రమే రాశాడా? కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో కోచింగ్ సంస్థలకి మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం, ఫలితాలు వచ్చాక ఆ విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే పేరూ ఫొటో వాడాలి. ర్యాంకుతో పాటు కోర్సు పేరు, ఎన్నాళ్లు చదివాడు, ఫీజు కట్టాడా ఉచితమా అన్నది కూడా వెయ్యాలి. లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యొచ్చు.

నాలుగోది సరదాకి: అదే ముఖం ఇంకో సంస్థ ప్రకటనలో ఉందా? వెతికితే దొరకడం అంత అరుదేం కాదు.

చదువు ఆపి సినిమాల్లోకి వెళ్తానంటున్న మా వాడు ‘ఎన్టీఆర్ ఉద్యోగం వదిలేసి వెళ్లలేదా?’ అంటున్నాడు. ఏం చెప్పాలి?

వెళ్లారు, నిజమే. 1947లో గుంటూరు జిల్లా ప్రత్తిపాడులో సబ్‌రిజిస్ట్రారుగా చేరి, మూడు వారాలు తిరక్కుండానే వదిలేశారు. అయితే కథ అక్కడ మొదలవలేదు. అప్పటికి ఆయన గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ (ఏసీ) కాలేజీలో బీఏ పూర్తి చేశారు. కాలేజీ రోజుల నుంచీ నాటకాలు వేశారు. సర్వీసు కమిషన్ పరీక్ష నెగ్గారు. ఉద్యోగం వదిలాక తొలి సినిమా విడుదలయ్యేసరికి 1949 వచ్చింది. చేతిలో డిగ్రీ, వెనక రంగస్థలం పెట్టుకుని వదిలిన ఉద్యోగం అది. ఇంటర్ సగంలో ఆపేసి బస్సెక్కడానికి ఆయన్ని సాక్ష్యం పిలవడం కుదరదు.

ఇంకో సంగతి కూడా చెప్పండి. అదే ఏడాది మద్రాసు రైలెక్కి తిరిగొచ్చినవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. గెలిచినవాళ్ల ఇంటర్వ్యూలు మాత్రమే విని దారి ఎంచుకుంటే లెక్క ఎప్పుడూ తప్పే వస్తుంది. ఇది వాడిని వద్దని ఆపడానికి చెప్పే మాట కాదు. సినిమాల్లో నాలుగేళ్లు ప్రయత్నించి వేరే పనిలోకి మళ్లినవాళ్లు ఒకరిద్దరిని వెతికి, వాళ్లతో అరగంట మాట్లాడించండి. మన దగ్గర అలాంటివాళ్లు దొరకడం కష్టమేమీ కాదు.

నిజంగానే నటన మీద ఆసక్తి ఉంది. మరి ఏం చెయ్యాలి?

హైదరాబాదు వెళ్లేముందు ఒక ఏడాది ఇక్కడే పని చెయ్యాలి. గుంటూరు, తెనాలి ప్రాంతంలో నాటక పరిషత్తుల సంప్రదాయం ఇంకా ఉంది. విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ఏదైనా నాటకం పడిన రోజు వెళ్లి, అయిపోయాక ఆ సమాజం వాళ్లని కలిస్తే చాలు. రిహార్సల్‌కి రమ్మంటారు. మొదట్లో కుర్చీలు సర్దిస్తారు, ప్రాంప్టింగ్ (తెరవెనక నుంచి డైలాగులు అందించే పని) ఇస్తారు. ఆరునెలలు అది చేశాక కూడా ఆసక్తి మిగిలితే అది నటన మీద ఆసక్తే. మిగలకపోతే పేరు మీద ఆసక్తి. రెండూ తప్పు కాదు గానీ రెండిటికీ దారులు వేరు.

ఆడిషన్ వీడియోకి వేలు ఖర్చక్కర్లేదు. కిటికీ వైపు ముఖం పెట్టి, వెనక ఖాళీ గోడ ఉండేలా, ఫోన్ కంటి ఎత్తులో నిలబెట్టి తీస్తే సరిపోతుంది. పరిచయం అరనిమిషం, తర్వాత ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సన్నివేశాలు, ఒక్కోటి నిమిషం. ఫిల్టరు, వెనక పాట వద్దు. ఎంపిక చేసేవాళ్లు గొంతూ కళ్లూ చూస్తారు. హీరో డైలాగునే మళ్లీ చెప్పడం అందరూ చేసే తప్పు. విన్నవాళ్లకి ఆ హీరోనే గుర్తొస్తాడు.

డిగ్రీ అయ్యాక చదువుగా చెయ్యాలంటే హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల పీజీ, పూణెలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. తెరమీద ముఖం ఒకటైతే తెరవెనక ఎడిటింగ్, సౌండ్, కలర్, గ్రాఫిక్స్. జీతంగా బతుకు గడిచేది ఎక్కువగా ఇటువైపే.

మోసాల సంగతి. వేషం ఇవ్వకముందే డబ్బు అడిగితే అది వేషం కాదు, వ్యాపారం. ‘రిజిస్ట్రేషన్’, ‘పోర్ట్‌ఫోలియో’, ‘అసోసియేషన్ కార్డు’, ‘కాస్ట్యూమ్ డిపాజిట్’ అని పేరు ఏదైనా పెడతారు. రాత్రిపూట హోటల్లో ఆడిషన్ అన్నా, ఇంట్లోవాళ్లని వెంట తీసుకురావద్దన్నా, నిర్మాణ సంస్థ పేరు అడిగితే దాటవేసినా వెళ్లకూడదు. ఆన్‌లైన్లో డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి నాలుగురోజులు దాచుకోవడం వల్లే చాలామంది పోగొట్టుకుంటున్నారు.

మా అబ్బాయి హీరో ఎడిట్స్ పేజీ నడుపుతున్నాడు, అదే కెరీర్ అంటున్నాడు. యూట్యూబ్‌లో నిజంగా డబ్బొస్తుందా?

వస్తుంది, షరతులతో. ప్రకటనల ఆదాయానికి వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, దానితో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ ఉండాలి. ప్రకటనల రాబడిలో పెద్ద వీడియోలకి 55 శాతం, షార్ట్స్‌కి తన వంతుగా లెక్కకొచ్చినదాంట్లో 45 శాతం చేతికొస్తుంది. పద్దెనిమిది నిండకపోతే డబ్బు తల్లిదండ్రుల ఖాతా ద్వారానే రావాలి.

అసలు చిక్కు వేరే. సినిమా క్లిప్పులు, పాటలు వాడి చేసిన ఎడిట్లకి కోటి వ్యూస్ వచ్చినా ఆదాయం సాధారణంగా హక్కుదారుకే వెళ్తుంది. పైగా ‘ఇతరుల కంటెంట్ తిరిగి వాడారు’ అని దరఖాస్తే తిరస్కరిస్తారు. పిల్లలు రెండేళ్లు కష్టపడ్డాక ఈ సంగతి తెలుసుకుని కుంగిపోతారు. ముందే చెప్పాలి. అయితే ఎడిటింగ్ నైపుణ్యం మాత్రం నిజమైనదే. పెళ్లి వీడియోల స్టూడియోలో, చిన్న షాపుల ప్రకటనల్లో దానికి కూలి దొరుకుతుంది.

ఇంట్లో ఒప్పందం ఇలా పెట్టుకోవచ్చు: ఆరు నెలల గడువు, వారానికి ఏడు గంటలు, వారానికొక సొంత వీడియో. గడువు చివర చూడాల్సింది ఫాలోవర్ల సంఖ్య కాదు. ఇరవై ఆరు వీడియోలు పూర్తయ్యాయా, మొదటిదానికీ చివరిదానికీ తేడా ఉందా, చదువు నిలబడిందా అన్నవి చూడాలి. వ్యూస్ వాడి చేతిలో లేవు. ఈ మూడూ ఉన్నాయి.

రీల్స్ చూశాక నా మీద నాకే అసహ్యం వేస్తోంది. యాప్ తీసేస్తే రెండ్రోజులకి మళ్లీ వేసుకుంటున్నాను. ఏం చెయ్యను?

ఇలా అనిపించేది నీ ఒక్కదానికే కాదు. ఇన్‌స్టాగ్రామ్ తమ శరీరం గురించిన బాధని పెంచుతోందని ప్రతి ముగ్గురు టీనేజ్ అమ్మాయిల్లో ఒకరి విషయంలో తేలినట్టు ఆ కంపెనీ అంతర్గత పరిశోధనలోనే ఉందని 2021లో బయటపడింది. తీసేయడం, వేసుకోవడం కన్నా లోపల మార్చడం ఎక్కువకాలం నిలుస్తుంది.

సెట్టింగ్స్‌లో ‘కంటెంట్ ప్రిఫరెన్సెస్’లోకి వెళ్లి సూచనల్ని రీసెట్ చెయ్యి. ఆ తర్వాత మొదటి రెండుమూడు రోజులు జాగ్రత్త: ఏది ఆగి చూస్తే అదే మళ్లీ పేరుకుంటుంది. ఇష్టం లేనిది రాగానే ‘నాట్ ఇంట్రెస్టెడ్’ నొక్కు. లైకుల సంఖ్య దాచే ఆప్షన్ ఉంది, ఇతరులవీ నీవీ రెండూ దాచు. చూశాక మనసు దిగిపోయే ఖాతాలు పదో పదిహేనో ఉంటాయి. వాటిని అన్‌ఫాలో కొట్టడానికి మొహమాటమైతే మ్యూట్ చెయ్యి, వాళ్లకి తెలియదు. రాత్రి ఫోన్ మంచం దగ్గర కాకుండా హాల్లో చార్జింగ్ పెట్టు. అలారానికి వంద రూపాయల గడియారం కొనుక్కో.

ఒక వారం పాటు ఒక చిన్న పట్టిక రాసిపెట్టు. రోజుకి రెండు వరుసలు: నా మీద నాకు మంచిగా అనిపించిన సందర్భం, చెడుగా అనిపించిన సందర్భం. ప్రతిదాని పక్కన, ‘ఇది ఎవరూ చూడకపోయినా ఇలాగే అనిపించేదా?’ అన్నదానికి అవును, కాదు. వారం చివర ‘కాదు’లే ఎక్కువుంటే నీ విలువ మొత్తం చూసేవాళ్ల చేతిలో ఉందన్నమాట. అప్పుడు ఎవరూ చూడని పని ఒకటి మొదలుపెట్టు, పోస్టు చెయ్యకూడదన్నదే నియమం.

మా అమ్మాయి రంగు తగ్గించే క్రీము అడుగుతోంది. ఏది వాడొచ్చు?

మందుల షాపులో ‘తెల్లబడతారు’ అని చేతిలో పెట్టే ట్యూబు వెనక చూడండి. మొమెటాసోన్, బెటామెథాసోన్, క్లోబెటాసోల్ అన్న పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. డాక్టరు చీటీ మీదే వాడాలి. రెండుమూడు వారాలు ముఖం మెరుస్తుంది, అందుకే అలవాటవుతుంది. ఆపగానే ఎర్రబారడం, మంట, మొటిమలు, ఎండ తగిలితే భగ్గుమనడం. మే నెల విజయవాడ ఎండలో ఇది నరకం. ఇప్పటికే నెలలుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా చర్మ వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

తెర మీద రంగు లైటింగ్, మేకప్, ఆపైన కలర్ కరెక్షన్ కలిసి తెచ్చేది. ఈ మాట ఎంత చెప్పినా, ఇంట్లో పెళ్లిచూపుల కబుర్లలో ‘కాస్త చామన’ అన్న మాట ఆగకపోతే ఉపయోగం లేదు.

జిమ్, ప్రోటీన్ పౌడర్?

జిమ్ మంచిదే. జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. 60 కిలోల కుర్రాడికి దాదాపు 50 గ్రాములు. బరువులెత్తేవాడికి ఇంకొంత కావచ్చు. రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, గుప్పెడు పల్లీలు, కంది పప్పు, పూటకి కాస్త చికెన్‌తో అది దాటిపోతుంది. హీరో పొట్ట మీద పలకలు షూటింగ్ రోజుకోసం నీళ్లూ ఉప్పూ తగ్గించి తెచ్చుకున్నవి కూడా కావచ్చు, ఏడాది పొడవునా ఉండేవి కావు. జిమ్‌లో ఎవరైనా ఇంజెక్షన్ మాట ఎత్తితే జిమ్ మార్చండి.

హీరోని బట్టి కులం అంటగడుతున్నారు. హాస్టల్లో గొడవలు కూడా అవుతున్నాయి.

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇది అందరికీ తెలిసి ఎవరూ పైకి అనని విషయం. ఫలానా హీరో అభిమాని అనగానే ఇంటిపేరు అడుగుతారు. పిల్లవాడికి అభిమానం ఇష్టంగా మొదలై పరువుగా మారుతుంది. ఆ తర్వాత సినిమా ఆడకపోతే తనే ఓడినట్టు, కలెక్షన్ తగ్గితే తన ఇంటికే అవమానం జరిగినట్టు.

ఉపదేశం కన్నా లెక్క బాగా పనిచేస్తుంది. వాళ్లు కొట్టుకునే కలెక్షన్ల పోస్టరు తీసి చూపించండి. దాని మీద ఉన్నది ‘గ్రాస్’ అయితే అందులో పన్ను, థియేటరు అద్దె అన్నీ కలిసే ఉంటాయి. పోగా మిగిలేది ‘షేర్’. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), గుంటూరు, కృష్ణా అంటూ ఏరియాలవారీగా ఎంతకి అమ్మారో దాంతో పోలిస్తేనే లాభమో నష్టమో తేలుతుంది. పోస్టరు అంకె నిర్మాణ సంస్థ వేసుకున్నది, ఎవరూ ఆడిట్ చేసింది కాదు. నష్టపోతే పోయేది విజయవాడ గాంధీనగర్‌లో కూర్చుని సినిమా కొన్న డిస్ట్రిబ్యూటరుకి. ఇవి తెలిసిన కుర్రాడు గొడవపడటం తగ్గిస్తాడు, వ్యాపారం గురించి మాట్లాడటం మొదలుపెడతాడు. ఫ్యాన్ వార్‌లో ఆడవాళ్ల ఫొటోలు మార్ఫింగ్ చేస్తే అది ఐటీ చట్టం కిందికి వస్తుందని మాత్రం గట్టిగా, ఒక్కసారి చెప్పాలి.

హీరో పుట్టినరోజుకి ఫ్లెక్సీ కడతారట. పంపించాలా?

ఎక్కడం, కట్టడం వద్దు. 2023 జులైలో నరసరావుపేట దగ్గర ఒక తమిళ నటుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కడుతూ ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు కరెంటు తగిలి చనిపోయారు. 2020 సెప్టెంబరులో కుప్పం ప్రాంతంలో ఇలాగే ముగ్గురు. కారణం ప్రతిసారీ ఒకటే: ఇనప ఫ్రేము, పైన తీగలు, రాత్రి చీకట్లో తొందర. 2024 డిసెంబరులో హైదరాబాదులో ప్రీమియర్ షో తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. బెనిఫిట్ షోకి వెళ్లేదుంటే టికెట్ ముందే చేతిలో ఉండాలి, హీరో వచ్చే గేటు దగ్గర నిలబడకూడదు.

అభిమాన సంఘాల రక్తదాన శిబిరాలు మంచి దారి. వయసు 18 నిండాలి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5. మగపిల్లలు మళ్లీ ఇవ్వడానికి 90 రోజులు, ఆడపిల్లలు 120 రోజులు ఆగాలి. ఖాళీ కడుపుతో ఇవ్వకూడదు.

హీరో చెప్పాడని మా వాడు బెట్టింగ్ యాప్ వేసుకున్నాడు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని, వాటి ప్రచారాన్ని 2025లో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. ప్రచారం చేసినవాళ్లకి రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉంది. పోయిన డబ్బు మళ్లీ ఆడి రాబట్టుకోవాలన్న ఆలోచన దగ్గరే అప్పు మొదలవుతుంది. తిట్టకుండా ముందు అప్పెంతో, ఎవరికో పూర్తి జాబితా రాయించండి. తిడితే సగమే చెబుతాడు.

ఇంట్లో ఏ మాటలు అనకూడదు?

‘ఆ హీరో వచ్చి నీకు అన్నం పెడతాడా?’ అన్న ఒక్క మాటతో సంభాషణ అయిపోతుంది. అలాగే ‘పక్కింటి వాడిని చూడు’. హీరోని తీసేసి ఆ స్థానంలో ఇంకో సెలబ్రిటీని కూర్చోబెట్టడమే అది. బదులుగా, ‘ఆయనలో నీకేం నచ్చింది?’ అని అడిగి జవాబు పూర్తిగా వినండి. డాన్స్ అంటాడు, ధైర్యం అంటాడు, కింది నుంచి పైకి వచ్చాడంటాడు. వాడికి ఏం కావాలో అక్కడ బయటపడుతుంది.

చుట్టూ ఉన్నవాళ్ల పనినీ పేరుతో చెప్పండి. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచింది. ఊళ్లో ఎంతమంది పిల్లలకి ఆమె ముఖం తెలుసో అడిగి చూడండి.

క్లాసులో చేయించదగ్గది ఏమైనా ఉందా?

నలభై నిమిషాల పీరియడ్ చాలు. ఐదారుగురి చొప్పున జట్లు చేసి ఒక్కో జట్టుకి ఒక సినిమా పోస్టరు, ఒక ర్యాంకు ప్రకటన, ఒక ఇన్‌ఫ్లుయెన్సర్ ప్రకటన ఇవ్వండి. అందరికీ అవే ప్రశ్నలు: దీనికి డబ్బు ఎవరు పెట్టారు? ఎవరికి లాభం? ఇందులో కనపడనివాళ్లు ఎవరు? ఇంటిపనిగా ఒక సినిమా చివర పేర్లు ఆపి ఆపి లెక్కపెట్టమనండి. లెక్చరరు జవాబులు తనే చెప్పేస్తే పీరియడ్ పాడైనట్టే.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి?

రెండు వారాలకి పైగా నిద్ర, తిండి చెడినా, ఇష్టమైన హీరో సినిమా మీద కూడా ఆసక్తి పోయినా, ‘నేను ఎందుకూ పనికిరాను’, ‘నేను లేకపోతే మీకే మంచిది’ లాంటి మాటలు వచ్చినా ఆలస్యం చెయ్యకండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఫలితాల వారంలో హాస్టల్ పిల్లలకి రోజూ ఫోన్ చెయ్యండి, మార్కులు కాకుండా ఏం తిన్నారో అడగండి.

మా పాపకి ఎనిమిదేళ్లు. రీల్స్‌కి లక్షల వ్యూస్ వస్తున్నాయి, షాపులవాళ్లు డబ్బిస్తామంటున్నారు.

ఇన్‌స్టాగ్రామ్ ఖాతాకి కనీస వయసు 13. అంతకన్నా చిన్నపిల్లల ఖాతా పెద్దవాళ్లు నడుపుతున్నట్టు బయోలో రాయాలి. సినిమా, సీరియల్, ప్రకటన షూటింగుకి బాలకార్మిక నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి: నిర్మాత జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి, రోజుకి ఐదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులు మించి పని చేయించకూడదు, రాబడిలో కనీసం 20 శాతం పాప పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి. ఇంట్లో తీసే రీల్స్‌కి కూడా ఇవే కొలతలు ఇంకా తగ్గించి పెట్టుకోండి. బడి పేరు, యూనిఫాం, ఇంటి వీధి వీడియోలో పడనివ్వకండి. కామెంట్లు మూసేయండి. పాప ‘ఈరోజు వద్దు’ అంటే షాపువాళ్లకి మాటిచ్చినా సరే, ఆ రోజు షూటింగ్ ఉండకూడదు.